అవుట్‌లుక్‌లో అడ్రస్ బుక్‌లు ఎక్కువయ్యాయా? జిల్లాల వారీగా మాత్రం విడగొట్టకండి

నేను చూసిన చాలా ఆఫీసు కంప్యూటర్లలో అవుట్‌లుక్ కాంటాక్ట్స్ కింద ‘కరీంనగర్’, ‘ఆదిలాబాద్’ అని రెండు ఫోల్డర్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎప్పుడో పెట్టినవి. పేర్లు అవే, కానీ వాటి అర్థం మారిపోయింది.

2016 అక్టోబర్ 11న, దసరా రోజు, రాష్ట్రంలో 10 జిల్లాలు 31 అయ్యాయి. ఉమ్మడి ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్ వచ్చాయి. ఉమ్మడి కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వచ్చాయి. అప్పుడే హుస్నాబాద్ సిద్దిపేటకు పోయింది. కమలాపూర్ సంగతి చూడండి: కరీంనగర్ నుంచి వరంగల్ అర్బన్‌కు మారింది, 2021లో ఆ జిల్లా పేరే హనుమకొండ అయింది. మనిషి ఉన్నచోటే ఉన్నాడు, జిల్లా పేరు మాత్రం రెండుసార్లు మారింది.

దీంతో నష్టమేంటి అంటారా? నాకు తెలిసిన ఒక ఆఫీసులో ఆదిలాబాద్‌లో ట్రైనింగ్ ఉందని ‘ఆదిలాబాద్’ గ్రూప్ మొత్తానికి మెయిల్ కొట్టారు. అది పాత ఉమ్మడి జిల్లా గ్రూప్. మంచిర్యాల డీలర్ ఒకాయన పొద్దున్నే బస్సెక్కి దాదాపు 150 కిలోమీటర్లు పోయాడు. తీరా చూస్తే ఆయన పేరు లిస్టులోనే లేదు.

అందుకే నా సలహా ఒక్కటే. అడ్రస్ బుక్‌ని ఊరును బట్టి కాదు, దాన్ని అప్‌డేట్ చేసే మనిషిని బట్టి విడగొట్టండి. మూడు చాలు. ఆఫీసు స్టాఫ్‌ది ఒకటి: కంపెనీ సర్వర్ ఉంటే గ్లోబల్ అడ్రస్ లిస్ట్ పేరుతో అది ముందే ఉంటుంది, అడ్మిన్ చూసుకుంటారు. డీలర్లు, కస్టమర్లది రెండోది. మీ సొంత నంబర్లది మూడోది. జిల్లా పేరును కేటగిరీగా పెట్టుకోండి. ఒకే కాంటాక్ట్‌కు రెండు మూడు కేటగిరీలు ఇవ్వొచ్చు. జిల్లా మారితే కేటగిరీ మారుస్తే సరిపోతుంది, కాంటాక్ట్‌ను ఎక్కడికీ జరపక్కర్లేదు.

విండోస్‌లో క్లాసిక్ అవుట్‌లుక్ వాడేవాళ్లు ఇలా చేయండి.

ముందుగా బ్యాకప్. ఫైల్ మెనూలో ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్, ఆ తర్వాత ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్‌కు వెళ్లి కాంటాక్ట్స్‌ను అవుట్‌లుక్ డేటా ఫైల్‌గా సేవ్ చేయండి.

తర్వాత పాత ఫోల్డర్లలోని పేర్లకు కొత్త జిల్లా కేటగిరీలు ఇచ్చి, అన్నింటినీ ఒకే ఫోల్డర్‌లోకి మూవ్ చేయండి. జిల్లా పేర్లను ఒకే స్పెల్లింగ్‌తో రాయండి. ఇంగ్లిష్‌లో జగిత్యాలను ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాస్తే రెండు కేటగిరీలు తయారవుతాయి.

కొత్త ఫోల్డర్ అడ్రస్ బుక్‌లో కనిపించకపోతే, దానిమీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అవుట్‌లుక్ అడ్రస్ బుక్ ట్యాబ్ తెరవండి. ఈ ఫోల్డర్‌ను ఈ-మెయిల్ అడ్రస్ బుక్‌గా చూపించమనే బాక్స్‌లో టిక్ పెట్టండి.

ఇక వరుస. కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే అడ్రస్ బుక్ తెరుచుకుంటుంది. అందులో టూల్స్, ఆప్షన్స్‌కు వెళ్తే ఏ బుక్ ముందు తెరుచుకోవాలో, పేర్లను ఏ వరుసలో వెతకాలో మీరే పెట్టుకోవచ్చు. రోజూ డీలర్లకే మెయిల్స్ పంపేవాళ్లు డీలర్ల బుక్‌ను పైన పెట్టుకోండి.

ఇంత చేసినా రెండుచోట్ల పాత అడ్రస్ దాక్కుని ఉంటుంది. ఒకటి, టు బాక్స్‌లో రెండక్షరాలు కొట్టగానే వచ్చే పేర్లు. అవి మీరు ఇంతకుముందు పంపిన మెయిల్స్ నుంచి గుర్తుపెట్టుకున్న లిస్టులోవి. కాంటాక్ట్‌ను మార్చినా పాత అడ్రస్ అక్కడ వస్తూనే ఉంటుంది. పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేయండి.

రెండోది కాంటాక్ట్ గ్రూప్. కాంటాక్ట్‌లో మెయిల్ ఐడీ మార్చినంత మాత్రాన గ్రూప్‌లో మారిందని అనుకోవద్దు. గ్రూప్ తెరిచి అప్‌డేట్ నౌ నొక్కాలి. పాత గ్రూప్ ఉంచాలనుకుంటే దాని పేరును ‘ఉమ్మడి ఆదిలాబాద్’ అని మార్చండి. ఆ ఒక్క మాటతో, రేపు మీ సీట్లోకి వచ్చేవాళ్లకు కూడా మెయిల్ ఎవరెవరికి పోతుందో తెలిసిపోతుంది.