క్లచ్ తొక్కితే క్రూజ్ ఆగుతుంది... కారు ఆగదు!

ఈ ఎపిసోడ్‌లో చాలామందికి ఉన్న డౌట్ ఒకటి తీసుకుందాం. "అన్నా, మాది మాన్యువల్ గేర్ కారు. స్టీరింగ్ మీద క్రూజ్ బటన్ ఉంది. వాడొచ్చా? గేరు మారిస్తే ఏమైతది?" వాడొచ్చు. కానీ ముందు నాకు జరిగింది చెప్తా, తర్వాత లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

మాది జనగామ జిల్లా తరిగొప్పుల. యాసంగి వరికోతల టైమ్‌లో హైదరాబాద్ నుంచి ఊరికి వస్తున్నాం. పక్కన నాయిన, వెనక అమ్మ. ఉప్పల్ దాటాక 163 నంబర్ నేషనల్ హైవే, భువనగిరి, ఆలేరు మీదుగా జనగామ దాకా 80కి క్రూజ్ పెట్టి హాయిగా వచ్చినం. జనగామలో హైవే దిగి నర్మెట్ట రోడ్డు ఎక్కినాక కూడా అదే అలవాటులో 60కి సెట్ చేసి, కుడికాలు వెనక్కి గుంజుకొని కూర్చున్న. అప్పటికే చీకటి పడింది.

"కాలు గట్ల గుంజుకున్నవేందిరా, బండెవలు నడుపుతున్నరు?" అన్నడు నాయిన.

"బండే నడుస్తది నాయినా" అన్న.

కాసేపటికే హెడ్‌లైట్ వెలుగులో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, చుట్టూ పెట్టిన రాళ్లు! కంగారులో నా ఎడమకాలు ముందు క్లచ్ మీద పడింది. క్రూజ్ లైటు ఆరిపోయింది. "హమ్మయ్య, కట్ అయింది" అనుకున్న. కానీ బండి స్పీడ్ తగ్గట్లే, జారుకుంట పోతనే ఉంది. అప్పుడు తెలివొచ్చి బ్రేక్ గట్టిగా తొక్కితే, రాళ్లకు మూడడుగుల ముందు ఆగింది. వడ్ల పక్కన మంచం మీద పడుకున్న ముసలాయన లేచి కూర్చున్నడు. కారులో ఎవ్వరం మాట్లాడలేదు.

తప్పు బండిది కాదు, నాది. ఎందుకో చూద్దాం.

క్రూజ్ కంట్రోల్ చేసేది ఒకటే పని: మీ కుడికాలు బదులు యాక్సిలరేటర్ ఇవ్వడం. మీరు 80 సెట్ చేస్తే కారులోని కంప్యూటర్, అంటే ఈసీయూ, స్పీడ్ చూస్తూ ఉంటుంది. తగ్గితే ఎక్కువ ఇస్తుంది, పెరిగితే తగ్గిస్తుంది. అంతే. మామూలు క్రూజ్‌కు ముందున్న బండి కనబడదు, వడ్లు కనబడవు.

దీన్ని కనిపెట్టిన అమెరికా ఇంజనీర్ రాల్ఫ్ టీటర్‌కు చిన్నప్పుడే చూపు పోయింది. 1950లో ఆయనకు పేటెంట్ వచ్చింది, 1958లో క్రైస్లర్ కార్లలో ఈ ఫీచర్ వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా మామూలు క్రూజ్ పని మారలేదు: స్పీడ్ నిలపడం.

మరి మాన్యువల్‌లో క్లచ్ సంగతేంటి? క్లచ్ తొక్కగానే ఇంజిన్‌కూ చక్రాలకూ లింక్ తెగిపోతుంది. అప్పుడు కూడా క్రూజ్ ఆన్‌లోనే ఉందనుకోండి. స్పీడ్ తగ్గుతోందని ఈసీయూ ఇంకా యాక్సిలరేటర్ ఇస్తుంది, లోడ్ లేని ఇంజిన్ ఒక్కసారిగా గర్జిస్తుంది. అలా కాకుండా క్లచ్ పెడల్ దగ్గర చిన్న స్విచ్ పెడతారు. పెడల్ కదిలితే క్రూజ్ కట్. బ్రేక్ పెడల్‌కూ అలాంటిదే ఉంటుంది. మీ కారులో క్రూజ్ లైటు వెలిగినా స్పీడ్ సెట్ కాకపోతే, మెకానిక్‌తో ముందు ఈ స్విచ్‌లు చూపించండి.

ఇక్కడే నేను బోల్తా పడ్డది. క్లచ్ తొక్కితే క్రూజ్ పోయింది, నిజమే. దాంతోపాటు ఇంజిన్ బ్రేకింగ్ కూడా పోయింది! గేరులో ఉంచి కాలు తీస్తే ఇంజినే బండిని కొంత పట్టి ఉంచుతుంది. క్లచ్ నొక్కితే ఆ పట్టు కూడా ఉండదు. పైగా 60లో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. వెనక్కి గుంజుకున్న కాలు బ్రేక్ మీదికి రావడానికి ఒక్క సెకను ఎక్కువ పట్టినా, ఆ 17 మీటర్లు పోయినట్టే.

ఇంకో విషయం, గేరు. ఆటోమేటిక్ అయితే ఎత్తు వచ్చినప్పుడు తనే గేరు తగ్గించుకుంటుంది. మాన్యువల్‌లో క్రూజ్ గేరు మార్చలేదు. నలుగురు ఎక్కి, ఏసీ వేసి, ఐదో గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ గుర్రుమని మూలుగుతుంది. అప్పుడు గేరు తగ్గించాల్సింది మీరే. చాలా కార్లలో గేరు మార్చాక రెజ్యూమ్ నొక్కాలి. కొన్ని కొత్త కార్లలో త్వరగా మారిస్తే క్రూజ్ అలాగే కొనసాగుతుంది. మీ కారు మాన్యువల్ బుక్‌లో చూడండి.

రెజ్యూమ్ అంటే ఆపిన వీడియోను మళ్లీ ప్లే చేసినట్టు, పాత స్పీడ్ దానికి గుర్తుంటుంది. 80 గుర్తుండి, మీరు 40లో ఐదో గేరులో ఉండి రెజ్యూమ్ నొక్కితే ఇంజిన్‌కు నరకమే. ముందు సరైన గేరు, మామూలుగా స్పీడ్ పెంచడం, ఆ తర్వాతే రెజ్యూమ్. దిగుడులో కూడా జాగ్రత్త: మామూలు క్రూజ్ చాలా కార్లలో బ్రేక్ వేయదు, స్పీడ్ సెట్ చేసినదాన్ని దాటిపోవచ్చు.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. ఖాళీగా ఉన్న హైవే మీద, పగలు, రోడ్డు పొడిగా ఉంటేనే క్రూజ్. వానలో వద్దు, శ్రీశైలం లాంటి ఘాట్ రోడ్డులో వద్దు, ఊళ్ల మధ్య రోడ్లలో అసలే వద్దు. కుడికాలు ఎప్పుడూ బ్రేక్ దగ్గరే. ఏదైనా అడ్డమొస్తే ముందు బ్రేక్, బండి ఆగబోయేటప్పుడు క్లచ్.

ఇప్పుడు జనగామలో హైవే దిగగానే నాయినే అడుగుతడు: "ఆ బటన్ బంద్ చేసినవా?" చేసిన నాయినా. మీరూ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.