గింజకూ గ్రాసానికీ కొర్ర: బెట్టను తట్టుకొనే రకాలు – ఒక పరిశీలన

కొర్రను గురించిన చర్చ సాధారణంగా గింజ దిగుబడితో మొదలై, గింజలోని పోషకాలతో ముగుస్తుంది. పశుపోషణ మీద కూడా ఆధారపడిన రాయలసీమ మెట్టరైతుకు మాత్రం కొర్రగడ్డి కూడా పంటే. అయితే ఒకే చేనులో ఈ రెండు ప్రయోజనాలూ పూర్తిగా నెరవేరవు.

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన రకాల్లో సూర్యనంది 70–75 రోజుల్లో, ఎస్‌.ఐ.ఏ. 3085 రకం 80–85 రోజుల్లో కోతకు వస్తాయి. ఇటువంటి వాటిని 'బెట్టను తట్టుకొనే రకాలు' అనడాన్ని కొంత జాగ్రత్తగా గ్రహించాలి. కొర్ర వేళ్లు కంది వేళ్లలాగా లోతుకు దిగవు. తక్కువ నీటితో ఎక్కువ ఆహారాన్ని తయారుచేసుకొనే సి-4 కిరణజన్య సంయోగక్రియ, నేలలో తేమ ఆరకముందే ముగిసే స్వల్ప పంటకాలం దీని బలాలు. ఒక విధంగా ఇది బెట్టను ఎదిరించడం కన్నా తప్పించుకోవడమే. వెన్ను తీసే వేళ వాన చాలాకాలం మొహం చాటేస్తే ఈ రకాలకూ నష్టం తప్పదు.

ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు. గింజ మరీ సన్నం కనుక ఇసుకతో కలిపి, గొర్రుతో 22.5 సెంటీమీటర్ల ఎడంగా సాళ్లు విత్తుతారు. లోతుగా పడిన గింజ మొలక పైకి రాలేదు. 5 సాళ్ల కొర్రకు ఒక సాలు కంది వేస్తే, కొర్ర కోత తరువాత చేను కందికి మిగులుతుంది.

అసలు చిక్కు కోత వేళలో ఉంది. పచ్చిమేతకైతే వెన్ను తీసే దశలోనే కోయాలి. అప్పుడు కాండం మెత్తగా ఉంటుంది, మాంసకృత్తులు ఎక్కువ. గింజ ముదిరేదాకా ఆగితే పోషకాలు గింజలోకి తరలి, గడ్డిలో పీచు పెరుగుతుంది. అయినా అది పనికిరానిది కాదు. తెలుగు వ్యవహారంలో జొన్నకు 'చొప్ప', కొర్రకు 'గడ్డి' అనడంలోనే కాండపు సన్నదనం తెలుస్తుంది. గుర్రాలకు మాత్రం ఇదొక్కటే మేతగా వేయరాదు. వాటి మూత్రపిండాలకూ కీళ్లకూ హాని కలుగుతుంది.

వాన వెనుకబడిన ఏడు ఈ ఎంపిక మరింత కఠినం. గింజ పాలుపోసుకోకముందే చేను వాడిపోతున్నప్పుడు, వెంటనే కోస్తే మేతైనా దక్కుతుంది. గింజపై ఆశతో ఆగితే రెండూ చేజారవచ్చు. వాములో గడ్డి ఎంత ఉన్నదీ, కొట్టంలో పశువులు ఎన్ని ఉన్నవీ అన్న లెక్కే అక్కడ నిర్ణయాత్మకం. దిగుబడి పట్టికల్లో ఆ లెక్కకు గడి ఉండదు. కొర్ర ప్రధానంగా స్వపరాగసంపర్కం గల పంట. అందువల్ల చేనంతా మేతకు కోసినా, పదును మిగిలిన చోట కొన్ని సాళ్లు విత్తనానికి వదిలితే వచ్చే తొలకరికి ఆ రకమే చేతిలో ఉంటుంది.