గంటలు మోగించిన పియానో

పియానోలో ఎన్ని మెట్లుంటాయో తెలుసా? 88. మెట్టును వేలితో నొక్కగానే, దళసరి ఉన్ని తొడిగిన చిన్న సుత్తి ఒకటి లోపల లేచి ఉక్కు తీగలను కొడుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగానూ, గట్టిగా నొక్కితే గట్టిగానూ పలుకుతుంది. ఒక్క పియానో ఒకవైపు, వయొలిన్లు, పిల్లనగ్రోవులు, బూరలు, డోళ్ళు గల పెద్ద వాద్యబృందం మరొకవైపు ఉండి వాయించే రచనను పియానో కాన్చెర్టో అంటారు.

రష్యా దేశపు సెర్గేయ్ రాఖ్మానినోవ్ రచించిన రెండవ కాన్చెర్టో వీటిలో చాలా పేరుపొందింది. అయితే అది పుట్టడమే కష్టమయింది.

1897లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో ఆయన మొదటి సింఫనీని వాయించారు. సింఫనీ అంటే వాద్యబృందం మొత్తానికీ రాసే పెద్ద రచన. అప్పటికి ఆయనకు ఇరవైనాలుగేళ్ళు నిండలేదు. బృందానికి సాధన చాలలేదు. కచేరీ చెడిపోయింది. పత్రికలు దుయ్యబట్టాయి. రాఖ్మానినోవ్ కుంగిపోయాడు. పియానో వాయించేవాడు, ఒపేరా బృందాన్ని నడిపేవాడు. కాని కొత్త రచనకు కలం పడితే చెయ్యి సాగేది కాదు. ఇలా మూడేళ్ళు గడిచాయి.

1900లో నికొలాయ్ దాల్ అనే వైద్యుడు ఆయనకు చికిత్స చేశాడు. దాల్ సంగీతప్రియుడు కూడా. ఆయన రోజూ రాఖ్మానినోవ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, నువ్వు తప్పక రాస్తావు, బాగా రాస్తావు అని మళ్ళీ మళ్ళీ చెప్పేవాడట. ఆ వేసవిలో కలం కదిలింది! 1901 నవంబరులో మాస్కోలో కాన్చెర్టో పూర్తిగా వినిపించారు. పియానో వాయించినది రాఖ్మానినోవే; బృందాన్ని నడిపినది ఆయన మేనత్త కొడుకు సిలోతి. ఆ రచనను రాఖ్మానినోవ్ వైద్యుడు దాల్‌కే అంకితమిచ్చాడు.

మీకు వినే అవకాశం దొరికితే, మొదలును జాగ్రత్తగా వినండి. బృందమంతా ఊరుకుంటుంది. పియానో ఒక్కటే, దూరాన గుడిగంట మోగినట్టు, వినీ వినపడకుండా పలుకుతుంది. ఒక్కొక్క దెబ్బకూ ధ్వని పెరుగుతూ వచ్చి, చివరకు గంట మన నెత్తిమీదే మోగుతున్నట్టుంటుంది. చిన్నప్పుడు నోవ్‌గొరద్ పట్టణంలో విన్న చర్చిగంటలను ఆయన ఎన్నడూ మరచిపోలేదు. తరువాత వయొలిన్లు అసలు పాటను అందుకుంటాయి. అప్పుడు చిత్రమేమిటంటే, ఒంటరిగా మొదలుపెట్టిన పియానో వెనక్కు తగ్గి, వాటికి తోడుగా నడుస్తుంది!

మరి ఆ పాత సింఫనీ ఏమయింది? రాఖ్మానినోవ్ 1943లో మరణించాడు. తరువాత, ఒక్కొక్క వాద్యానికీ విడిగా రాసిన దాని ప్రతులు లెనిన్‌గ్రాడ్‌లో దొరికాయి. వాటిని కూర్చి 1945లో మాస్కోలో మళ్ళీ వాయించారు. ఈనాడు దానిని ఎన్నో దేశాలలో వాయిస్తున్నారు. ఒక్క రాత్రి చెడిపోయినంత మాత్రాన అది చెడ్డ రచన కాలేదు.

పరీక్ష తప్పిన పిల్లవాడు ఇంటికి వచ్చినప్పుడు పెద్దలు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆనాటి పత్రికల మాటలకు ఒక కలం ఆగిపోయింది. దాల్ మాటలకు అదే కలం మళ్ళీ నడిచింది.