వార్తలకొక వేళ

ఒంగోలు పట్టణమునకు సముద్రము దూరము కాదు. కొత్తపట్నం తీరము కొద్ది మైళ్ళలోనే యున్నది. కార్తీక మార్గశిరములు వచ్చినచో ఈ ప్రాంతమువారి చూపు ఆకాశముమీదను, చెవి రేడియోమీదను ఉండును. చేలలో ప్రత్తి పగిలి యుండును, మిరప కాపు పట్టుచుండును. ఒక్క రాత్రి గాలివానకు సంవత్సరపు కష్టము నేలపాలు కావచ్చును. కనుక ఇచ్చట వార్త వినుట వినోదము కాదు, అవసరము.

ఆ అవసరమెంతటిదో రెండు తుపానులు తెలిపినవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. 1990 మే 9న కృష్ణా ముఖద్వార ప్రాంతమును తాకిన తుపానును మిక్కిలి తీవ్రమైనదే. అయినను ముందుగా హెచ్చరించి లక్షలాది జనమును తరలించుటచే ప్రాణనష్టము చాల తగ్గినది. కావున వార్తలకు చెవులు మూసికొనుడని మేము చెప్పబోము. ఎంత వినవలెను, ఎప్పుడు వినవలెను అన్నదే ప్రశ్న.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినపుడు మా యింట రెండు రాత్రులు టెలివిజను ఆర్పలేదు. అదే కెరటము, అదే కూలిన చెట్టు గంటకు పదిసార్లు చూచితిమి. 5వ తేదీ మధ్యాహ్నము తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. అంతసేపు చూచి మేము తెలిసికొన్న కొత్త సంగతులు ఒక చీటీపై వ్రాయదగినన్ని మాత్రమే. కాని దివిసీమ నాటి కబురులు మరువని మా అమ్మగారికి నిద్ర లేదు, అన్నము సయింపలేదు. వారము గడచినను కిటికీ రెక్క కొట్టుకొన్నచో ఉలికిపడుచుండిరి. పిల్లవాడు "మన వీధిలోకి నీళ్ళొస్తాయా నాన్నా?" అని మాటిమాటికి అడుగుచుండెను.

ఇందుకు కారణము కలదు. అపాయము కనబడగానే గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగియును. దేహము పరుగునకో పోరునకో సిద్ధపడును. పని ముగిసినచో ఆ బిగువు సడలును. తెరమీది అపాయమునకు మనము చేయదగిన పని లేదు గనుక బిగువు సడలదు. 2013లో అమెరికాలోని బోస్టన్ నగరమున బాంబులు ప్రేలిన పిమ్మట పరిశోధకులు ప్రజలను విచారించిరి. తరువాతి వారమున దినమునకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలలో మునిగినవారు, ప్రేలుళ్ళను దగ్గరనుండి ఎరిగినవారికంటె ఎక్కువ మానసిక ఒత్తిడిని తెలిపిరి. 2020 మార్చిలో, కోవిడ్ వేళ, ప్రపంచ ఆరోగ్య సంస్థయు దినమునకు ఒకటి రెండు మారులు, నియమిత వేళలందు, నమ్మదగిన చోటనుండియే వార్తలు తెలిసికొనుడని సలహా యిచ్చినది.

తుపాను దినములలో వాతావరణ శాఖ సాధారణముగా మూడు గంటలకొక ప్రకటన వెలువరించును. నడుమ వినబడునది చాలవరకు పాతదే. కావున ప్రకటన వేళకు విని, ఒకరు వ్రాసికొని, వెంటనే తగిన పని చేయవలెను: త్రాగునీరు పట్టియుంచుట, టార్చిలైటు సరిచూచుట, తీసిన ప్రత్తిని తడవనిచోట చేర్చుట, పశువులను మెరకకు తోలుట. తుపాను తీరము దాటు గంటలలో ప్రకటనలు తరచుగా వచ్చును. అప్పుడు మాత్రము రేడియో విడువరాదు. తరలిపొండని అధికారులు చెప్పినచో మరియొక వార్తకై ఆగరాదు. పిల్లలకు సంగతిని పెద్దలే నెమ్మదిగా చెప్పవలెను. ఫోనులో వచ్చిన ఊరు పేరు లేని చిత్రములను ఇతరులకు పంపరాదు. అపాయము గడచి వారములైనను నిద్ర పట్టనివారు వైద్యుని చూడవలెను. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసి మాటాడవచ్చును.

ఆ తరువాత మరియొక వాయుగుండము వార్త వచ్చినపుడు, ప్రకటనలు వ్రాయు పనిని మేము అమ్మగారికే అప్పగించితిమి. ఆమె కళ్ళజోడు పెట్టుకొని వేళకు విని, గాలి వేగమును, దిక్కును వ్రాసి, రేడియో కట్టివేసి, నీళ్ళ బిందెలు నిండినవా అని అడిగిరి. ఆ రాత్రి ఆమె నిద్రించిరి.