పట్టాల పక్కన పట్టా లేని కొట్లు

బిలాస్‌పూర్ స్టేషనులో దిగి, రైల్వే కాలనీని ఆనుకొని ఉన్న బుధవారీ బజారులో అడుగుపెట్టిన తెలుగువానికి తన భాష వినబడడానికి ఎంతోసేపు పట్టదు. ఇటీవల ఒక కిరాణా కొట్టులో చింతపండు ధర అడిగాను. నా హిందీ యాసను పసిగట్టిన వృద్ధ యజమాని తెలుగులో “ఏ ఊరు బాబూ మనది?” అన్నాడు. ఆయన తాత బొబ్బిలి ప్రాంతం నుంచి రైల్వే కూలీగా వచ్చాడట. తండ్రి కొట్టు పెట్టాడు. “సరుకు మాది, కప్పు మాది. నేల మాత్రం రైల్వేది” అని నవ్వాడు. ఆ నవ్వులో ఒక చరిత్ర, ఒక భయం రెండూ ఉన్నాయి.

చరిత్ర విక్టోరియా రాణి కాలం నాటిది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1891 నాటికి నాగపూర్ మార్గాన్ని ఆసన్‌సోల్‌తో కలిపింది. బిలాస్‌పూర్ రైల్వే పట్టణమైంది. 1902లో కటక్ నుంచి వాల్తేరు వరకు గల తూర్పు కోస్తా మార్గమూ ఆ కంపెనీకే దక్కింది. 1931లో విజయనగరం, రాయపూర్‌ల మధ్య మార్గం పూర్తయింది. పట్టాలు కలిసిన చోటికి మనుషులు కదిలారు. ఉద్యోగులకు క్వార్టర్లు వెలిస్తే, వారికి ఉప్పు, పప్పు అందించేందుకు బజారు వెలిసింది. జీతాల నాడు తీర్చే ఖాతాలపైనే అది బతికింది.

ఇక భయం సంగతి. రైల్వే నేలపై అనుమతి గడువు తీరిన దుకాణదారునికి 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టం వర్తిస్తుంది. నోటీసిచ్చేదీ, వాదన వినేదీ, ఖాళీ చేయమనేదీ ఎస్టేట్ ఆఫీసరే. ఆపైన జిల్లా జడ్జికి అప్పీలు చేసుకోవచ్చు. కొట్ల ముందు కూరలమ్ముకునే వారి స్థితి మరీ దయనీయం. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. సర్వే జరిగేవరకు ఎవరినీ తొలగించరాదన్నది. తొలగించేముందు 30 రోజుల నోటీసివ్వాలన్నది. కాని ఆ చట్టం మొదటి సెక్షనులోనే, రైల్వే భూములకు ఇది వర్తించదని చిన్న వాక్యం ఉంది. మునిసిపాలిటీ వీధిలో హక్కు ఉన్నవాడు రైల్వే సరిహద్దు దాటగానే ఆక్రమణదారు అవుతాడు!

2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ కేంద్రమైంది. విశాఖ జోన్ కోసం పోరాడిన మనకు ఆ సంతోషం ఎలాంటిదో తెలుసు. అయితే జోన్ వస్తే నేల విలువ పెరుగుతుంది. నేల విలువ పెరిగితే దానిమీది చిన్నవాడు అడ్డమనిపిస్తాడు. రైల్వేకు విస్తరణ అవసరమే, కాదనలేము. పట్టాలు వేసిన కూలీ మనుమడికి పట్టా ఇమ్మని కూడా ఎవరూ అనరు. తొలగించే ముందు మరొక చోటు చూపమనడం మాత్రం గొంతెమ్మ కోరిక కాదు. ఆ చిన్న వాక్యాన్ని సవరించే అధికారం పార్లమెంటుకు ఉంది. కొత్త రైళ్ళడిగే మన సభ్యులు ఇదీ అడగవచ్చు.