కణరూప పరీక్షలో యంత్రనేత్రము

1970వ సంవత్సరమున అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమందు సిస్టర్ కాథరిన్ ఫ్రాన్సిస్ అను క్రైస్తవ సన్న్యాసిని రొమ్ము క్యాన్సరుతో కన్ను మూసినది. ఆమె ఊపిరితిత్తుల చుట్టును చేరిన నీటినుండి తీసిన కణములను హెర్బర్ట్ సూల్ అను శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో పోషించెను. దేహము పోయినను ఆ కణములు పోలేదు. మిచిగన్ క్యాన్సర్ ఫౌండేషన్ పేరులోని మొదటి అక్షరములతో ఎం.సి.ఎఫ్.-7 అను నామమును ధరించి, 1973లో శాస్త్రలోకమునకు పరిచితమైన ఆ కణసంతతి నేటికిని దేశదేశముల ప్రయోగశాలలలో వర్ధిల్లుచునే యున్నది. కణముల రూపభేదములను గుర్తించు విద్యను యంత్రమునకు గరపిన కథలో ఈ కణములకు ముఖ్యస్థానము కలదు.

మందు వేసిన పిమ్మట కణములు ఎన్ని చచ్చినవని లెక్కించుట పాత పద్ధతి. కాని రెండు మందులు సమానముగా చంపినను, చంపు విధము వేరు కావచ్చును. తెలుగువారి పెరళ్లలో పూచు బిళ్లగన్నేరునుండి లభించు విన్‌క్రిస్టిన్ కణములోని సూక్ష్మనాళికలను కూడనీయదు. యూ వృక్షపు బెరడునుండి మొదట లభించిన టాక్సాల్ కూడిన నాళికలను విడనీయదు. కణము రెండుగా చీలు వేళ ఆ నాళికలు కూడవలెను, విడవలెను. ఏది ఆగినను చీలిక ఆగును. ఫలితము ఒక్కటే, మార్గములు మాత్రము పరస్పర విరుద్ధములు. ఈ భేదము లెక్కకు అందదు, రూపమున కనబడును.

ఆ రూపమును పట్టుకొనుటకై జరిగిన ఒక ప్రసిద్ధ ప్రయోగము 2010లో ప్రకటితమైనది. వామనగుంటల పీటవలె గుంటలు గల ప్లాస్టిక్ పలకలలో, పలకకు 96 గుంటల చొప్పున, ఎం.సి.ఎఫ్.-7 కణములను పెంచి, 113 రసాయనములను ఒక్కొక్కదానిని ఎనిమిది మోతాదులలో వేసి, 24 గంటలు ఉంచిరి. పిదప కేంద్రకములోని డి.ఎన్.ఏ.కు ఒక రంగు, ఆక్టిన్ తంతువులకు ఒక రంగు, సూక్ష్మనాళికలకు ఒక రంగు పట్టించి సూక్ష్మదర్శినితో ఛాయాచిత్రములు తీసిరి. పలకలు 55, చిత్రములు 39,600. చిత్రమునకు ఒక్క నిమిషము కేటాయించినను 660 గంటలు పట్టును. దినమునకు ఎనిమిది గంటల చొప్పున ఎనుబది దినములు దాటును. పైగా మానవనేత్రము అలయును. ఉదయము చూచిన కణమునకును సాయంకాలము చూచిన కణమునకును ఒకే తూకము నిలుచునా? పరీక్షాపత్రములు కట్టలు కట్టలుగా దిద్దిన ఉపాధ్యాయుని అడిగిన చాలును.

అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆన్ కార్పెంటర్ బృందమువారు ఈ శ్రమను యంత్రమునకు అప్పగించు మార్గమును చూపిరి. సెల్‌ప్రొఫైలర్ అను వారి సాఫ్ట్‌వేర్ చిత్రములోని ఒక్కొక్క కణమునకు హద్దు గీసి, కేంద్రకపు వైశాల్యము, గుండ్రదనము, రంగు సాంద్రత, అల్లిక మున్నగు వందలాది కొలతలను తీయును. 2009లో వారే ప్రకటించిన పద్ధతి మరింత చమత్కారమైనది. జీవశాస్త్రజ్ఞుడు కొన్ని కణములను ఏరి, ఇవి ఈ రకము, ఇవి ఆ రకము అని కుప్పలు వేయును. యంత్రము ఆ కుప్పలను చూచి తనకు తానే ఒక సూత్రమును కల్పించుకొని, క్రొత్త కణములను విభజించి చూపును. తప్పులున్న పండితుడు దిద్దును. యంత్రము మరల నేర్చును. సూత్రమును చెప్పనక్కరలేదు, ఉదాహరణలు చూపిన చాలును. మెషిన్ లెర్నింగ్ అనగా ఇంతే. బియ్యములో రాళ్లేరుట పిల్లకు అమ్మ నేర్పునది ఇట్లే కదా!

పై ప్రయోగములోని 38 రసాయనములను, అవి పనిచేయు విధమునుబట్టి 12 వర్గములుగా విభజించిరి. డి.ఎన్.ఏ. ప్రతికృతిని అడ్డగించు వర్గములో మెథోట్రెక్సేట్ కలదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో సాగిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల ఫలమది. ఆ 12 వర్గములలో కంటితో చూచి గుర్తింపదగినవి ఆరు మాత్రమే. తక్కినవి పూర్వగ్రంథములనుబట్టి నిర్ణయించినవి. 2013లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, మందును మోతాదును కలిపి లెక్కించిన 103 అంశములలో నూటికి 94 పాళ్లు యంత్రగణితము సరిగా వర్గీకరించినది. ఒక మందును పరీక్షించునప్పుడు ఆ మందు చిత్రములన్నిటిని దాచి, తక్కినవాటినుండియే సమాధానము రాబట్టుట అందలి నియమము.

ఇంతవరకు మెచ్చుకొనదగినదే. కాని ఇచ్చట ఒక ఉచ్చు కలదు. ఒక వారము పెంచిన కణములును మరియొక వారము పెంచినవియు సరిగా ఒక్కటి కావు. రంగు ఒక చుక్క ఎక్కువ పడవచ్చును. దీపకాంతి చిత్రమధ్యమున హెచ్చి అంచులలో తగ్గవచ్చును. ఒకే వర్గపు మందులు ఒకే వారమున పరీక్షింపబడినచో, యంత్రము మందును గాక వారమును నేర్చుకొనును! కావున అదే విడతలోని చిత్రములను సైతము దాచి పరీక్షింపవలెనని కఠిన నియమమును పెట్టిరి. రెండు వర్గములు ఒక్కొక్క విడతలోనే ఉండుటచే, ఈ పరీక్షకు పది వర్గములే నిలిచినవి. మందు తగలని కణములలో విడతకును విడతకును గల తేడాను ముందుగా కొలిచి దానిని తీసివేయుట, 2017లో గూగుల్ శాస్త్రజ్ఞులు అనుసరించిన ఉపాయము. నూటికి 94 అను అంకెకంటె ఈ అనుమానమే ఎక్కువ విలువైనదని చెప్పవలెను. రోగికి చేరవలసిన మందును వెదకువారు తమ చిత్రశాల దీపకాంతిని వెదకి తృప్తిపడరాదు.

మరియొక చిక్కు. పండ్రెండు పెట్టెలు మాత్రమే ఎరిగిన యంత్రము పదమూడవ విధమైన మందు ఎదురైనను ఆ పండ్రెండింటిలో ఒకదాననే వేయును. పరిశోధకునకు నిజముగా కావలసినది ఆ పదమూడవదే. అందుచేత ముందుగా పేర్లు పెట్టక, కణముల రూపములనే ఒకదానితో నొకటి పోల్చు పద్ధతికి ప్రాధాన్యము హెచ్చినది. 2013లో వెలువడిన సెల్ పెయింటింగ్ ఆ కోవలోనిది. ఆరు రంగులతో ఎనిమిది కణభాగములను ఒక్కసారిగా చిత్రించును. ఆ పద్ధతిలో లక్షకు పైగా రసాయనములను పరీక్షించి తీసిన చిత్రములు 2023 నాటికి లోకమునకు ఉచితముగా లభ్యమైనవి.

పాత్రలోని కణమునకు కాలేయము లేదు, రక్తప్రవాహము లేదు. అచ్చట గెలిచిన మందు దేహమున ఓడవచ్చును. ఏ రసాయనము ఏ తెరువున పోవుచున్నదో సూచించుటవరకే యంత్రనేత్రము పని. ఆ పిమ్మట జంతువులపైనను మనుష్యులపైనను జరుగవలసిన పరీక్షలు యథాప్రకారము జరుగుచునే యున్నవి.