‘ప్రభువు చిత్తమైతే’: పాలమూరు ప్రార్థన మందిరాల్లో ఒక మాట

2009 అక్టోబరు 2. దసరా వెళ్లి నాలుగు రోజులే అయింది. తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి మీదికి, ఊళ్లో ముసలివాళ్లు కూడా ఎన్నడూ చూడని వరద వచ్చిపడింది. మట్టి మిద్దెలు నానిపోయి కూలాయి. గద్వాల చీరలు నేసే మగ్గాల గుంటలు బురదతో నిండిపోయాయి. అదే వరద అలంపురాన్ని, కర్నూలు పట్నాన్ని కూడా ముంచింది.

ఆ రోజు శుక్రవారం. మధ్యలో ఒక్క రోజు గడిస్తే ఆదివారం, ఆరాధన రోజు. ఇల్లూ గింజలూ ఏటిపాలైన విశ్వాసి ఆ ఆదివారం దేవుడి ముందు మోకరించి ఏమని ప్రార్థించాలి? ‘అంతా దేవుని చిత్తం’ అనాలా? ఆ మాట నోటికి వస్తుందా?

క్రైస్తవ జీవితంలో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మాట ఇదే, అన్నిటికన్నా తక్కువగా అర్థమయ్యే మాటా ఇదే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు పల్లెల్లో ఏ సంఘానికి వెళ్లినా చెవిన పడుతుంది. పెళ్లి పత్రికల్లో, ఉజ్జీవ సభల కరపత్రాల్లో తేదీకి ముందు ‘ప్రభువు చిత్తమైతే’ అని అచ్చు వేయిస్తారు. హాలు మాట్లాడారు, వంటవాళ్లకు అడ్వాన్సు ఇచ్చారు, బంధువులందరికీ ఫోన్లు చేశారు. అయినా ఆ మాట ఉండాల్సిందే. బైబిల్లో యాకోబు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం నుంచి వచ్చిన అలవాటిది. ఫలానా పట్నానికి పోతాం, ఏడాది ఉంటాం, వ్యాపారం చేస్తాం, లాభం తెస్తాం అని లెక్కలు వేసుకునే వర్తకులకు యాకోబు ఒక మాట చెప్తాడు: రేపు ఏం జరుగుతుందో మీకు తెలియదు, ప్రభువు చిత్తమైతే బతికి ఉండి అది చేస్తాం అనండి అని. ప్రయాణం మానుకోమని మాత్రం ఎక్కడా అనడు.

పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా వాళ్లకు ఈ సంగతి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. వానలు మొహం చాటేస్తే ముంబైకో పుణెకో బయల్దేరిన తరాలు ఇక్కడివి. పిల్లల్ని తాత దగ్గర వదిలి, గుంపు మేస్త్రి వెంట బస్సెక్కేవాడికి రేపు తన చేతిలో లేదని బాగా తెలుసు. అయినా బస్సెక్కుతాడు. విశ్వాసి అయితే ఎక్కే ముందు పాస్టరు గారితో ప్రార్థన చేయించుకుంటాడు, అంతే తేడా.

‘చిత్తం’ అనే మాటకు తెలుగులో ఇంకో చరిత్ర ఉంది. గద్వాల, వనపర్తి నిజాం కాలంలో సంస్థానాలు. ఆ రోజుల్లో పెద్దల ముందు చేతులు కట్టుకుని ‘చిత్తం’ అన్నారంటే ఇక ఎదురు చెప్పడానికి లేదని అర్థం. కడుపులో ఏమున్నా మింగి తలవంచడమే. ఈ ప్రాంతపు సంఘాల్లో అత్యధికులు ఆ తలవంపును తరాల తరబడి భరించిన దళిత కుటుంబాల నుంచి వచ్చినవారే. వాళ్లు మందిరంలో ‘నీ చిత్తమే జరగాలి’ అంటున్నప్పుడు అదే మాట పూర్తిగా వేరే మాట అవుతుంది. ఎందుకంటే ఈ యజమాని దగ్గర ముందు అడగొచ్చు. ఏడవొచ్చు. వాదించనూ వచ్చు.

ఇది కొత్తగా అల్లిన వ్యాఖ్యానం కాదు. పదమూడో కీర్తన రాసినవాడు ఇంకెంతకాలం అని దేవుణ్ణి వరసగా నాలుగు సార్లు నిలదీస్తాడు. యేసు కూడా గెత్సేమనే తోటలో, సిలువకు ముందు రాత్రి, ఈ బాధ తప్పించమని తండ్రిని అడిగాడు. అడిగాకే తండ్రి చిత్తానికి తనను అప్పగించుకున్నాడు. అడగకుండా తలవంచడం భయం. అడిగి, ఏడ్చి, ఆ తర్వాత అప్పగించుకోవడం విశ్వాసం. ఈ రెండింటికీ నడుమ ఉన్న దూరం తెలియకపోతే ‘దేవుని చిత్తం’ అన్న మాట బాధలో ఉన్నవాళ్ల నోరు మూయించే మాటగా మిగిలిపోతుంది.

వారంవారం పల్లె మందిరంలో జరిగే ఆరాధన ఈ తేడాను ఏ పాఠమూ లేకుండానే నేర్పుతుంది. చెప్పులు గుమ్మం బయట. లోపల చాపల మీద ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటకు పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి వారు కట్టిన కీర్తనలు నేటికీ పాడుతున్నారు. వాటి పక్కనే కీబోర్డుతో కొత్త పాటలూ వచ్చాయి. తర్వాత సాక్ష్యాల వేళ. తలమీద కొంగు కప్పుకుని ఒకామె లేచి, ముందు ‘అందరికీ వందనాలు’ చెప్పి మొదలుపెడుతుంది. కూతురి కాన్పు కష్టమైంది, బోరు ఎండింది, బర్రె ఈనింది, కొడుక్కి సీటు రాలేదు. కలిసొచ్చినవే చెప్పాలని నియమమేమీ లేదు. జరగనిదాన్ని చెప్పి, ఇంకా కనిపెడుతున్నాను, ప్రార్థన చేయండి అని కూర్చునేవాళ్లూ ఉంటారు. నిజానికి ఆ సాక్ష్యమే బరువైనది.

చాలా తెలుగు సంఘాల్లో పాతకాలం నుంచి ఇంకో ఆచారం ఉంది. వంట మొదలుపెట్టేటప్పుడు, ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో పోస్తారు. ఆదివారం ఆ బియ్యం మందిరానికి వస్తుంది. గింజలు పుష్కలంగా ఉన్న ఇంట్లో అది మామూలు కానుక. రేపటికి ఉన్నాయో లేవో తెలియని ఇంట్లో ఆ పిడికిలి విప్పడమంటే, రేపటిని దేవుడికి అప్పగించడమే. ‘చిత్తం’ అనే మాట ఇంతకన్నా దగ్గరగా కనిపించే చోటు మరొకటి ఉండదు.

ఈ ప్రాంతానికి సువార్త వచ్చిన తోవ చూసినా ఇదే కథ. 1836లో తెలుగు నేల మీద అడుగుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ పదిహేనేళ్లకు పైగా, ఎక్కువ కాలం నెల్లూరు ప్రాంతంలో, శ్రమించినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 1853లో అమెరికాలో పెద్దలు కూర్చుని, ఇక దీన్ని మూసేద్దామా అని చర్చించారు. పటంలో ఒంటిచుక్కలా ఉన్న ఆ కేంద్రాన్ని ‘లోన్ స్టార్’ అన్నారు. మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్‌కు చెందిన లైమన్ జూయెట్ దంపతులు, వారితో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక కొండెక్కి ప్రార్థన చేశారు. మొత్తం ఐదుగురు. కింద పరుచుకున్న ఊరి కోసం ఒక మనిషిని పంపమని అడిగారు. అలా వచ్చిన మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే నడుమ పన్నెండేళ్లు.

ఆ తర్వాత 1876–78 నాటి కరువు వచ్చింది. తెలుగువాళ్లు ధాత కరువని చెప్పుకునేది దాన్నే. అప్పుడు క్లౌ చేసిన పనిని శ్రద్ధగా చూడాలి. సర్వే పని తెలిసినవాడు కనుక బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి పని చూపించాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి: కరువు సాయం జరిగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని. సాయం ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు దేవుడు పంపిన ఏర్పాటని చెప్పుకుని ఊరుకుని ఉంటే కాలువ తవ్వేవాళ్లూ ఉండరు, బతికేవాళ్లూ ఉండరు. దేవుడికి ఉద్దేశం ఉందని నమ్మినవాడు పలుగూ పారా తెచ్చాడు.

అదే మిషన్ 1880ల్లో పాలమూరుకు, ఆ పైన గద్వాలకు చేరింది. ఈలోగా మరో బృందం నైజాం దక్షిణ భాగంలోకి వచ్చింది. వాళ్లు మెన్నొనైట్ బ్రదరన్. 1899లో అమెరికా నుంచి మొదటి మిషనరీలు దిగారు. వీళ్ల పెద్దలు యుద్ధం చేయం, కత్తి పట్టం అన్నందుకు ఐరోపాలో ఊళ్లు మారుతూ రష్యా దాకా వెళ్లి, 1870ల్లో అక్కణ్ణుంచీ లేచి కాన్సాస్ వంటి చోట్లకు చేరినవాళ్లు. ఇల్లు వదలడం అంటే ఏమిటో వాళ్లకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. నాగర్‌కర్నూలు, వనపర్తి వాళ్ల తొలి కేంద్రాల్లో ఉన్నాయి. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల కేంద్రాలు కూడా బాప్టిస్టుల నుంచి వాళ్ల చేతికొచ్చాయి. నేడు ఈ జిల్లాల్లో ఎం.బి. చర్చి అంటే తెలియనివారు తక్కువ.

వాళ్లలో డాక్టర్ కాథరినా షెల్లెన్‌బర్గ్ సంగతి ప్రత్యేకం. 1870లో రష్యాలో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతో అమెరికా చేరి, వైద్యం చదివి, 1907లో ఇక్కడికి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. నాగర్‌కర్నూలులోనూ శంషాబాద్‌లోనూ రోగుల మధ్యే 37 ఏళ్లు గడిపి, 1945 జనవరి 1న శంషాబాద్‌లో కన్నుమూసింది. దేవుని చిత్తాన్ని నమ్మడమంటే మందు మానేయడమని చెప్పేవాళ్లు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు. జ్వరంతో కాలిపోతున్న పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లకుండా నూనె రాసి కూర్చోబెట్టడం విశ్వాసం కాదు, పిల్ల ప్రాణంతో చెలగాటం. ఈ ప్రాంతానికి విశ్వాసాన్ని తెచ్చినవాళ్లే స్టెతస్కోపునూ తెచ్చారు. 1950ల మొదట్లో జడ్చర్లలో వెలసిన మెన్నొనైట్ బ్రదరన్ ఆస్పత్రి ఆ పరంపరలోదే.

ఇప్పుడు మళ్లీ రాజోలి ప్రశ్న. వరదలో సర్వం పోయినవాడి దగ్గరకు వెళ్లి ‘ఇందులో దేవుని ఉద్దేశం ఉంది’ అనవచ్చా?

యోబు గ్రంథం దీనికి సూటిగా జవాబిస్తుంది. పిల్లలూ ఆస్తీ ఆరోగ్యమూ పోయి బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా అనకుండా నేలమీద అతని పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. తర్వాత నోరు తెరిచి, దేవుడు ఎందుకిలా చేశాడో వివరించడం మొదలుపెట్టారు. గ్రంథం చివర్లో దేవుడు కోపగించింది ఆ వివరించినవాళ్ల మీదే, నిలదీసిన యోబు మీద కాదు. యోసేపు సంగతీ గుర్తుంచుకోవాలి. అన్నలు ఇరవై వెండి నాణేలకు అమ్మేశారు, చేయని తప్పుకు జైల్లో పడ్డాడు. ఆ కీడును దేవుడు మేలుగా మలిచాడన్న మాట యోసేపు తన నోటితో చెప్పాడు, అదీ ఎన్నో ఏళ్ల తర్వాత. అతను జైల్లో ఉన్నప్పుడు బయటివాళ్లు వచ్చి చెప్పిన మాట కాదది. దెబ్బ తిన్నవాడు తనకై తాను చెప్తే సాక్ష్యం. ఒడ్డున నిలబడ్డవాడు చెప్తే గాయం మీద కారం.

కనుక పక్కింట్లో చావో నష్టమో జరిగినప్పుడు సంఘం చేయాల్సిన పని చిన్నది, స్పష్టమైనది. వెళ్లి కూర్చోవాలి. అన్నం క్యారియరు పట్టుకెళ్లాలి. పిల్లల్ని రెండు రోజులు ఇంట్లో ఉంచుకోవాలి. ఉద్దేశం ఏమిటో దేవుడు చెప్పుకుంటాడు.

ఏటా డిసెంబరు 31 రాత్రి తెలుగు సంఘాల్లో చాలాచోట్ల వాగ్దాన కార్డులు ఇస్తారు. పన్నెండు దాటాక ఒక్కొక్కరు ముందుకు వెళ్లి పళ్లెంలోంచి ఒకటి తీసుకుంటారు. ఏడాదంతా అది బైబిల్లోనో గోడమీదో ఉంటుంది. అందులో తరచూ వచ్చేది యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం, దేవుడు మీ గురించి తలపెట్టింది సమాధానమే, హాని కాదన్న వాగ్దానం. ఆటోల వెనకా కనిపిస్తుంది. ఆ మాట మొదట ఎవరికి రాశారో తెలిస్తే దాని బరువు ఇంకా పెరుగుతుంది. ఊరు పోగొట్టుకుని బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యెరూషలేము నుంచి వెళ్లిన ఉత్తరమది. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని హనన్యా అనే ప్రవక్త తియ్యగా చెప్పాడు. యిర్మీయా అలా చెప్పలేదు. డెబ్బై ఏళ్లు పడుతుందన్నాడు. అందాకా అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పరాయి పట్నం క్షేమం కోసం ప్రార్థించండి అని రాశాడు. ఆ ఉత్తరం అందుకున్న పెద్దల్లో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే పోయి ఉంటారు. వాళ్లు నాటిన చెట్ల కాయలు మనవలు తిన్నారు.

రాబోయే డిసెంబరు 31 రాత్రి ఆ కార్డు మీ చేతికి వస్తే, దాచుకునే ముందు ఆ అధ్యాయం మొత్తం, మొదటి వచనం నుంచి, ఇంట్లో అందరూ వినేలా ఒకసారి చదవండి.